నిమ్మకాయలు తొక్కిన బస్సు

వీరమల్లిపాలెం సెంటర్లో ఆ బస్సెక్కిన వాళ్ళు ఎక్కడికీ వెళ్ళరు. కడుపు నిండా తిని, మూతి తుడుచుకుంటూ ఎక్కిన చోటే దిగుతారు. బస్సు నుదుటి మీద ‘కాకినాడ’ అన్న బోర్డు ఇంకా ఉంది గానీ, దాన్ని నమ్మి ఎక్కినవాడు ఇంతవరకూ ఒక్కడే. వాడు కూడా పెసరట్టు తిన్నాక కాకినాడ సంగతి మర్చిపోయాడు.

బస్సు మేడిశెట్టి గంగాభవానిది. కాగితాల మీద మొగుడు అబ్బులుది. అబ్బులు కుర్రతనంలో ఆ బస్సుకే క్లీనరు. కంపెనీ మూతపడి, ఇంజను ఒకడూ గేరుబాక్సు ఇంకొకడూ పట్టుకుపోయాక, మిగిలిన డొక్కుని అబ్బులు పెళ్ళాం మెళ్ళో గొలుసు అమ్మి కొన్నాడు. రోడ్డు పక్కన తన జాగాలో దింపించి, “బస్సు కొన్నానే!” అన్నాడు. భవాని దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఆ పూట ఆవిడ తిట్టిన తిట్లు ఊరంతా విన్నారు. మర్నాటికి మాత్రం సీట్ల మధ్య బల్లలు వేయించి, ఇంజను ఉండాల్సిన గూట్లో గ్రైండరు పెట్టించి, డ్రైవరు సీటు వెనకాల పొయ్యి రాజేసింది. అప్పట్నుంచి ఆ ఇద్దరికీ తిండి పెడుతున్నది ఆ పొయ్యే. అది ఆరితే వాళ్ళకి ఇంకో దారి లేదు.

ఏటా దసరాకి అబ్బులుకి పూనకం వచ్చేది. బస్సుకి తలంటినట్టు కడిగి, టైర్లలో గాలి కొట్టించి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేవాడు. చిక్కల్లా నిమ్మకాయల దగ్గర వచ్చేది. బండికి పూజ చేస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. లేకపోతే అది పూజే కాదు. బస్సేమో కదలదు. అందుకని అబ్బులు జాకీ తెచ్చి, ఒక్కో చక్రాన్నీ పైకి లేపి, కింద నిమ్మకాయ పెట్టి, జాకీ దించేవాడు. నిమ్మకాయ చితికేది.

“తొక్కేసిందే భవానీ!” అని అరిచేవాడు.

“తొక్కిందిలే. ఇంక కాకినాడ పోనీ,” అనేది భవాని అల్లం తరుగుతూ.

ఒక ఏడు దసరా వెళ్ళిన వారానికి కొత్త నిబంధన ఒకటి ఊడిపడింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో, చల్లటి గదిలో, జీడిపప్పు ప్లేట్ల ముందు కూర్చున్న పెద్ద అధికారులకి ఒక అనుమానం వచ్చిందట. రోడ్డు మీద తిరిగే బండిని ఎప్పుడో ఒకప్పుడు ఆపి బీమా కాగితం అడుగుతాం. అసలు రోడ్డే ఎక్కని బండి మాటేమిటి? అది ఒక్కసారి కూడా దొరకడం లేదంటే ఎంత గడుసుదై ఉండాలి? జీడిపప్పు అయిపోయేలోగా ‘రోడ్డెక్కని వాహనముల నిర్బంధ బీమా పథకం’ పుట్టేసింది. దొడ్లో పడున్న స్కూటర్లూ, కోళ్ళు గుడ్లు పెడుతున్న కార్లూ అన్నీ నేరస్తుల జాబితాలోకి వచ్చాయి.

దాన్ని అమలు చేయడానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ముక్తేశ్వరరావు గారు జీపులో వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. భవాని పెసరట్టంటే ప్రాణం. ముందు ఉప్మా పెసరట్టు తిన్నారు, తర్వాత నేతి పెసరట్టు తిన్నారు, అల్లం చట్నీ మళ్ళీ వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని రుమాలుతో తుడుచుకున్నాక మాత్రం మనిషి మారిపోయారు.

“ఈ వాహనమునకు బీమా ఉన్నదా?”

బల్ల తుడుస్తున్న అబ్బులు చుట్టూ చూశాడు. “ఏ వాహనానికండి?”

“మనము ఏ వాహనములో నిలబడి యున్నామో సదరు వాహనమునకు.”

“ఇది హోటలండి బాబూ. కదలదండి.”

“కదలదు కనుకనే వచ్చాను. కదిలే వాటికి వేరే చట్టం ఉంది.”

భవాని గరిటె పట్టుకుని ముందుకొచ్చింది. “ఏంటి సార్, తిన్నదరగక వేళాకోళమా? దీనికి ఇంజను లేదు. అక్కడున్నది పిండి రుబ్బుకునే గ్రైండరు.”

ఇన్‌స్పెక్టరు గారు గూట్లోకి తొంగి చూశారు. “దానికి మోటారు ఉన్నదా లేదా?”

“మోటారు లేకపోతే ఎలా తిరుగుద్దండి?”

“ఉన్నది కదా. ఇంజను స్థానమందు మోటారు కలదు. కాబట్టి మోటారు వాహనమే.” అని రాసుకుని, కొంచెం మెత్తబడ్డారు. “కంగారు పడకమ్మా. ఒక మినహాయింపు ఉంది. గడచిన ఏడాదిలో వాహనము ఏ విధముగానూ కదలలేదని నేను స్వయంగా తృప్తి చెందితే, బీమా అక్కర్లేదని సర్టిఫికెట్ ఇచ్చేస్తాను. నాకు మాత్రం నీ హోటలు మూయించడం సరదానా?”

ఇవ్వాలనే బస్సు దిగి, వంగి చక్రాల కిందకి చూశారు. అక్కడ పసుపూ కుంకుమా, చితికి ఎండిపోయిన నిమ్మకాయలూ కనిపించాయి.

“ఇవేమిటి?”

భవాని కళ్ళతోనే మొగుణ్ణి నోరు మూసుకోమంది. కానీ దసరా పూజ గురించి అడిగితే అబ్బులు ఆగుతాడా? ఏడాదికోసారి కూడా ఎవరూ అడగరు. ఇవాళ సాక్షాత్తూ బళ్ళ ఇన్‌స్పెక్టరే అడుగుతున్నాడు.

“పూజండి! అన్ని చక్రాలకీ తొక్కించేనండి. ఒక్క నిమ్మకాయ వదల్లేదండి!”

“తొక్కించావు.”

“ఆయ్!”

“అంటే వాహనము కదిలినది.”

అబ్బులు మొహంలో రక్తం ఇంకిపోయింది. “అబ్బే, జాకీతో లేపి దించేనండి. ముందుకి కదల్లేదండి. పైకీ కిందకీ అంతేనండి.”

“చట్టంలో ‘కదలిక’ అని ఉంది. ముందుకా పైకా అని లేదు. ఆ మాటకొస్తే పైకి లేచే వాహనము మరీ ప్రమాదము. విమానాలు చూడటం లేదూ?” అన్నారు ముక్తేశ్వరరావు గారు విచారంగా. “నెలలోగా బీమా చేయించండి. లేనియెడల స్వాధీనపరుచుకొనబడును.”

జీపు వెళ్ళిపోయింది. భవాని పొయ్యి ముందు చతికిలబడింది. “నీ నిమ్మకాయల మీద మన్నెయ్య! బస్సు పట్టుకుపోతే ఏం తిని బతుకుతాం?” అంది. ఆవిడ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. అబ్బులు వంగి చక్రాల కిందకి దూరాడు. చితికిన నిమ్మకాయలన్నీ ఏరి దూరంగా పారేసి వచ్చాడు.

బీమా కంపెనీ ఆఫీసులో హరిచందన అనే మేనేజరు వాళ్ళని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి మర్యాద చూస్తేనే భవానికి దడ పుట్టింది.

“మేడమ్, ముందు మీ బస్సు రిస్కు అంచనా వేయాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి తిరుగుతుంది?”

“ఎక్కడికీ తిరగదమ్మా. అక్కడే ఉంటది.”

హరిచందన కంప్యూటరులో రెండు గళ్ళలోనూ వీరమల్లిపాలెం అని కొట్టింది. అది ఒప్పుకోలేదు. బయల్దేరిన ఊరూ చేరిన ఊరూ ఒకటే అయితే ప్రయాణం జరగలేదనీ, జరగని ప్రయాణానికి బీమా ఇవ్వలేననీ మొరాయించింది. చాలాసేపు ఆలోచించి ‘ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా’ అని కొట్టారు. కంప్యూటరు సంతోషించింది.

“ఇక డ్రైవరు వివరాలు చెప్పండి.”

“కదలని బస్సుకి డ్రైవరెందుకమ్మా?”

“డ్రైవరు లేని వాహనాన్ని వదిలేసిన వాహనంగా పరిగణిస్తాం మేడమ్. అది కదలకుండా చూసుకునే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి కదా. హెవీ లైసెన్సు ఉండాలి. ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి. ఇది రోడ్డెక్కని వాహనాల పాలసీ. చక్రం రోడ్డు మీద పెట్టిన క్షణం రద్దయిపోతుంది.”

అబ్బులు మొదటిసారి నవ్వాడు. “అదెక్కడ రోడ్డెక్కుద్దండి తల్లీ!”

డ్రైవరుగా సూరన్నని తెచ్చారు. ఆ బస్సు తిరిగిన రోజుల్లో నడిపినవాడే. ఇప్పుడు చూపు ఆనదు గానీ లైసెన్సు మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చి, రెండు పూటలా తిని, స్టీరింగు పట్టుకుని నిద్రపోవడం అతని ఉద్యోగం. ఒక్కోసారి ఉలిక్కిపడి లేచి, “దిగేవాళ్ళు ముందుకి రండెహె!” అని గద్దించేవాడు. అలవాటు కొద్దీ జనం సగం తిన్న ప్లేట్లు వదిలేసి దిగిపోయేవాళ్ళు. భవాని వెనకాల పరిగెత్తి వాళ్ళని మళ్ళీ ఎక్కించుకొచ్చేది.

తర్వాత సామర్థ్య పరీక్ష. డ్రైవరున్న బండికి అది తప్పనిసరి. ముక్తేశ్వరరావు గారు మళ్ళీ వచ్చి, తిని, చెయ్యి కడుక్కుని, మనిషి మారి, సూరన్నని బ్రేకు తొక్కమన్నారు. సూరన్న తొక్కాడు. బస్సు ఉన్నచోటే ఉంది.

“ఇంత నమ్మకమైన బ్రేకు నా సర్వీసులో చూడలేదు,” అన్నారాయన తల ఊపుతూ.

“హారను?” అన్నారు తర్వాత. సరిగ్గా అప్పుడే పాలు పొంగిపోయాయి. “ఏవయ్యా, చచ్చావా!” అని భవాని వేసిన కేకకి రోడ్డవతల కుక్క లేచి పారిపోయింది. ‘హారను సంతృప్తికరము’ అని రాశారు. పొగ పరీక్షకి పెనం పక్కన నిలబడి గట్టిగా పీల్చి, ‘పొగ ఆమోదయోగ్యము, అల్లం వాసన గలదు’ అని రాశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మోటారున్న ప్రతి వాహనానికీ వేగ నియంత్రకం ఉండాలట. ఉన్న మోటారేమో గ్రైండరుది. దానికే బిగించి, సీలు వేసి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి గ్రైండరు, అత్తారింట్లో కొత్తకోడలు తిరిగినంత నెమ్మదిగా తిరగడం మొదలెట్టింది. పెసలు నలగవు. మధ్యాహ్నానికి కావాల్సిన పిండి సాయంత్రానికి కూడా గరుగ్గానే ఉండేది. అట్టు వేస్తే పెనానికి అతుక్కుపోయేది. “ఏంటి భవానమ్మా, చెయ్యి తిరగడం మానేసిందా?” అన్నారు పాత గిరాకీలు. ఆ మాటకి ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బస్సు పోతుందంటే కలిగిన బాధ ఒకెత్తు, పెసరట్టుకి పేరు పోవడం ఒకెత్తు. కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు రోకలి తీసుకుని ఆ నియంత్రకాన్ని ఒక్క పోటు పొడిచింది. అది ఊడి, దొర్లి, మురిక్కాలవలో పడింది. గ్రైండరు గిర్రున తిరిగింది.

అంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఎన్నికల సిబ్బందిని ఊళ్ళకి తీసుకెళ్ళడానికి బస్సులు కావాలి. కాగితాలు సక్రమంగా ఉన్న బస్సులే తీసుకోవాలని పై నుంచి ఆర్డరు. రోడ్డు మీద తిరిగే బస్సులన్నింటినీ వెతికితే, ఒకదానికి బీమా లేదు, ఒకదానికి బ్రేకు లేదు, ఒకదాని డ్రైవరుకే లైసెన్సు లేదు. అన్నీ సవ్యంగా ఉండి, ఒక్క ప్రమాదం చెయ్యని, ఒక్కసారీ వేగం మీరని బస్సు ఆ చుట్టుపక్కల ఒకే ఒక్కటి తేలింది.

ఎన్నికల ముందురోజు ముక్తేశ్వరరావు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. వెనకాల క్రేను వచ్చింది.

“ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సదరు బస్సును ఎన్నికల విధుల నిమిత్తము...” అని చదువుతూ మధ్యలో ఆపేసి, “తల్లీ, నన్ను తిట్టకు,” అన్నారు.

భవానికి ముందు నవ్వొచ్చింది. “ఇది కదలదని రాసెయ్యండి సార్.”

“ఎలా రాయనమ్మా? కదిలినదని నేనే రాశాను, నిమ్మకాయల సాక్షిగా. సామర్థ్యం ఉన్నదని కూడా నేనే రాశాను. ఇప్పుడు కదలదంటే అప్పుడు ఎందుకు కదిలిందని అడుగుతారు. నాకు రిటైర్మెంటు దగ్గర పడింది.”

“అయితే నేను దిగను,” అంది భవాని. నవ్వు పోయింది. పొయ్యి మీద పెనం కాలుతోంది. పక్కన రుబ్బిన పిండి గిన్నె నిండుగా ఉంది. “నా బతుకంతా ఇందులో ఉంది. ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి నన్నూ తీసుకెళ్ళండి.” అని, ఎవరి మొహమూ చూడకుండా పెనం మీద ఒక అట్టు పోసింది. అట్టు వంకరగా వచ్చింది.

క్రేను బస్సు ముందు భాగాన్ని గొలుసుతో పట్టుకుంది. సూరన్న లేచి సర్దుకుని కూర్చున్నాడు. ముక్తేశ్వరరావు గారు కాపలాగా ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. ఎక్కడో కింద కిర్రుమంది. గిన్నెలు గలగలలాడాయి. కిటికీలోంచి కనిపించే కరెంటు స్తంభం మెల్లగా వెనక్కి జరిగింది. దాన్నుంచి వేసిన పొడుగాటి వైరు ఇంకా ఊడలేదు, గ్రైండరు తిరుగుతూనే ఉంది.

“భవానీ!” అన్నాడు అబ్బులు. అతను మెట్ల మీద నిలబడి, క్లీనరుగా ఉన్నప్పట్లాగే కడ్డీ పట్టుకుని బయటికి వేళ్ళాడుతున్నాడు. “కదిలిందే! మన బస్సు కదిలిందే!”

మొగుణ్ణి నాలుగు దులుపుదామని తిరిగిన భవాని అతని మొహం చూసి ఆగిపోయింది. అతను ఏడుస్తున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతనంత సంతోషంగా ఉండటం ఆవిడ చూడలేదు. కొంప కదిలిపోతుంటే ఇదేం సంబరమని కోపమొచ్చింది, ఆ కోపంలోనే జాలి కూడా వచ్చింది. “సరేలే, పడతావు. లోపలికి రా,” అంది.

“రైట్, రైట్!” అని అబ్బులు బస్సు రేకు మీద చేత్తో కొట్టాడు.

ముందు చక్రాలు గొలుసుకి వేలాడుతున్నాయి. వెనక చక్రాలు తారు రోడ్డు మీదికి ఎక్కాయో లేదో, ముక్తేశ్వరరావు గారు దిగ్గున లేచారు. మొహం పాలిపోయింది.

“ఆపండి! బండి ఆపండి!”

క్రేను ఆగింది. ఆయన దిగి, టోపీ సర్దుకుని, బస్సుకి ఎదురుగా వెళ్ళి చెయ్యెత్తి నిలబడ్డారు. “ఈ రోడ్డు మీద తనిఖీ డ్యూటీ కూడా నాదే,” అన్నారు నీరసంగా. తర్వాత డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి, గొంతు మార్చి, “కాగితాలు,” అన్నారు.

సూరన్న పాలసీ కాగితం అందించాడు. చక్రం రోడ్డు మీద పెట్టిన క్షణం రద్దు. బీమా లేని వాహనము రోడ్డుపై నడుపబడుచున్నది. నడిపించుచున్నది ఎవరు? ముక్తేశ్వరరావు గారు. పట్టుకున్నది ఎవరు? ముక్తేశ్వరరావు గారే. సాక్షి కావాలంటే ఆయన తప్ప అధికారి ఎవరూ లేరు. అక్కడే రోడ్డు మీద బల్ల వేసుకుని, తన మీద తనే కేసు రాసుకున్నారు. బస్సులో ఉన్న ప్రతి వస్తువూ రాయాలి కాబట్టి, ‘పొయ్యి వెలుగుచున్నది. గ్రైండరు తిరుగుచున్నది. వేగ నియంత్రకము కానరాదు. పెనముపై పెసరట్టు ఒకటి, వంకరది’ అని రాసి సంతకం పెట్టారు. ఎన్నికల సిబ్బంది ఆటోల్లో వెళ్ళారు.

బస్సుని లాక్కెళ్ళి రవాణా ఆఫీసు వెనకాల, పట్టుబడిన బళ్ళు పెట్టే దొడ్లో నిలబెట్టారు. తుప్పు పట్టిన లారీల మధ్య భవాని పిండిగిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక గుమాస్తా వచ్చి పొయ్యి ఆర్పేయమన్నాడు. ఆవిడ లేవలేదు.

“గోడ మీద రాసిందేంటో చదవండి బాబూ,” అంది.

అక్కడ పెద్దక్షరాల్లో ఇలా ఉంది: ‘స్వాధీనపరచుకొన్న వాహనమును, కేసు తేలువరకు, పట్టుబడిన సమయమున ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే ఉంచవలెను. స్వల్ప మార్పు చేసినను శిక్షార్హులు.’

“పట్టుకున్నప్పుడు పొయ్యి వెలుగుతోందని మీ సారే రాశారు. గ్రైండరు తిరుగుతోందని రాశారు. పెనం మీద అట్టుందని రాశారు. ఆర్పితే మీ ఇష్టం. నాదేం పోయింది, శిక్ష మీకే కదా.”

గుమాస్తా లోపలికి పరిగెత్తాడు. లోపల రెండు గంటలు చర్చ జరిగింది. చివరికి గ్రైండరుకి ఆఫీసులోంచి కరెంటు ఇచ్చారు, పొయ్యి ఆరిపోకుండా చూసుకోవలసిందిగా భవానికి రాతపూర్వకంగా ఆదేశం వచ్చింది. పెనం మీద ఎప్పుడూ ఒక అట్టు ఉండాలనీ, తీసిన వెంటనే ఇంకొకటి వేయాలనీ అందులో స్పష్టంగా ఉంది.

తీసిన అట్టుని ఎవరో ఒకరు తినాలి కదా. లైసెన్సుల కోసం వచ్చి రోజంతా పడిగాపులు కాసే జనం తిన్నారు. ఆఫీసు వాళ్ళు తిన్నారు. వీరమల్లిపాలెంలో ఏనాడూ లేనంత గిరాకీ పెరిగింది. కేసు తేలడం లేదు, తేలదు కూడా. వాయిదా వచ్చినప్పుడల్లా ముక్తేశ్వరరావు గారు ముద్దాయి బోనులోంచి సాక్షి బోనులోకీ, అందులోంచి ఇందులోకీ తిరిగి, అలిసిపోయి, తిన్నగా బస్సుకొచ్చి ఉప్మా పెసరట్టు చెబుతున్నారు.

మళ్ళీ దసరా వచ్చింది. అబ్బులు బస్సుని కడిగి, పసుపు రాసి, దండలు వేసి, సంచీ నిండా నిమ్మకాయలూ జాకీ పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు. భవాని మెట్లు దిగి వచ్చి, మాట్లాడకుండా సంచీ లాక్కుంది.

“ఒక్కటైనా తొక్కించనీవే. పండగ!” అన్నాడు జాలిగా.

“పండగే. అందుకే పులిహోర కలుపుతున్నా,” అంది.

ఆ రోజు ప్రతి ప్లేట్లోనూ అట్టు పక్కన నిమ్మకాయ పులిహోర వడ్డించింది. ముక్తేశ్వరరావు గారు లొట్టలేసుకుంటూ తిన్నారు, మళ్ళీ వేయించుకున్నారు. చెయ్యి కడుక్కోవడానికి లేచి, కుళాయి పక్కనున్న చెత్తబుట్టలోకి చూశారు. దాన్నిండా పిండేసిన నిమ్మచెక్కలున్నాయి.

ఆయన మొహం మెల్లగా మారింది. కుళాయి తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది. ఎంగిలి చేత్తోనే కిందికి దిగి, మోకాళ్ళ మీద వంగి, ఒక్కో చక్రం కిందా చూడటం మొదలెట్టారు.